సూది ఎక్కడ? ఎట్లా? ఎవరి చేత?

గద్వాలలో గుంట మగ్గం మీద చీర నేసేవారికి సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. భుజాలు గుంజుతాయి. విత్తన పత్తి చేలల్లో పొద్దంతా నిలబడి పువ్వుకు పువ్వు కలిపే ఆడవాళ్ళకు మెడ నొప్పి, కాళ్ళ నొప్పి. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో నాట్లు వేసేవారు, వేరుశనగ పీకేవారు వంగి వంగి నడుం విరిగినట్టుందంటారు. బొంబాయికి, పూణేకు వలస పోయి తట్టలు మోసి వచ్చినవారికి మెట్లు ఎక్కితే మోకాళ్ళు సలుపుతాయి.

నొప్పితో పడుకుంటే కూలి పోతుంది. కూలి పోతే పొయ్యి వెలగదు. అందుకే చాలామంది, "సారూ, ఒక సూది వెయ్యి. రేపు పనికి పోవాలె" అంటారు. ఆ సూదిలో నొప్పిని అణిచే మందు ఉంటుంది. ఒకటి రెండు రోజులు హాయిగా ఉంటుంది. తర్వాత నొప్పి మళ్ళీ లేస్తుంది. మాటిమాటికీ అలాంటి మందులు వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు. మూత్రపిండాలు చెడిపోవచ్చు.

మందు లేని సూది కూడా ఒకటి ఉంది. దాని పేరు ఆక్యుపంక్చర్. అది ఏమిటి? ఏ నొప్పికి పనికొస్తుంది? ఏ నొప్పికి పనికిరాదు? తెలుసుకుందాం.

పేరు పెద్దదే, భయపడకండి

ఆక్యు - పంక్చర్. సైకిల్ ట్యూబుకు పంక్చర్ పడింది అంటాం కదా. పంక్చర్ అంటే గుచ్చుకోవడం. ఆక్యు అంటే సూది. అది పాత లాటిన్ భాష మాట. సూది గుచ్చి చేసే వైద్యం కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఇంజెక్షన్ సూది లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో నుంచి మందు ఒంట్లోకి పోతుంది. ఆక్యుపంక్చర్ సూదికి బోలు ఉండదు. అది స్టీలుతో చేసిన సన్నని తీగ. ఇంచుమించు వెంట్రుకంత సన్నగా ఉంటుంది. దానిలో మందు ఏమీ ఉండదు.

ఎక్కడ పుట్టింది? మన దాకా ఎట్లా వచ్చింది?

ఈ వైద్యం చైనా దేశంలో పుట్టింది. రెండు వేల ఏండ్ల పైబడిన పాత వైద్యం. ఒంట్లో ప్రాణశక్తి పారే దారులు ఉన్నాయని చైనా వైద్యులు అనుకున్నారు. పొలంలో కాలువ పూడితే నీళ్ళు ఆగుతాయి. అట్లాగే ఆ దారి మూసుకుపోతే నొప్పి వస్తుందని వారు చెప్పారు. అలాంటి పెద్ద దారులు 14 అని, వాటి మీద 361 చోట్లు ఉన్నాయని లెక్క పెట్టారు.

శరీరాన్ని కోసి చూస్తే ఈ దారులు కనపడవు. ఇప్పటి డాక్టర్లు వేరే విధంగా చెబుతారు. సూది గుచ్చితే నరాలు కదులుతాయి. ఆ కబురు వెన్నుపాముకు, మెదడుకు చేరుతుంది. అప్పుడు నొప్పిని తగ్గించే రసాలు ఒంట్లోనే ఊరతాయి.

మన దేశానికి ఈ వైద్యం వచ్చిన కథలో షోలాపూర్ పేరు ఉంది. మగ్గం పని కోసం తెలుగు పద్మశాలీలు ఎందరో పోయి స్థిరపడిన ఊరు అది. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ ఆ ఊరిలోనే 1910లో పుట్టారు. అప్పుడు చైనా మీద జపాన్ యుద్ధం చేస్తోంది. గాయపడినవారికి వైద్యం చేయడానికి 1938లో మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు చైనాకు పోయారు. వారిలో కోట్నీస్ ఒకరు. ఆయన అక్కడే పనిచేస్తూ 1942లో చనిపోయారు. ఆ ఐదుగురిలో ఇంకొకరు కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు. ఆయన తిరిగి వచ్చారు. 1950లలో మళ్ళీ చైనాకు పోయి ఆక్యుపంక్చర్ నేర్చుకున్నారు. 1959లో కలకత్తాలో ఆ వైద్యం మొదలుపెట్టారు.

చోటు ఎట్లా కొలుస్తారు?

మనం పూలు మూర వేసి కొలుస్తాం. గుంత లోతు జానెడు, బెత్తెడు అంటాం. ఆక్యుపంక్చర్‌లో కూడా చేతి కొలతలే. బొటనవేలి కణుపు వెడల్పు ఒక కొలత. నాలుగు వేళ్ళు కలిపి పెడితే, అంటే బెత్తెడు, అది మూడు కొలతలు.

కానీ ఒక మాట. కొలవవలసింది వైద్యుడి వేళ్ళతో కాదు, రోగి వేళ్ళ లెక్కతో. ఎందుకు? పొడుగు మనిషికి వేళ్ళు పెద్దవి, కాళ్ళూ పెద్దవి. చిన్న పిల్లకు వేళ్ళు చిన్నవి, కాళ్ళూ చిన్నవి. ఎవరి ఒంటికి వారి వేళ్ళే సరైన కొలబద్ద.

అందరూ వాడే నాలుగు చోట్లు

ఒకటి: మోకాలి కింద. మోకాలి చిప్ప కింద బయటి పక్క చిన్న గుంట ఉంటుంది. ఆ గుంట నుంచి బెత్తెడు కిందికి రండి. అక్కడ కాలి ముందు ఎముక అంచు నుంచి ఒక వేలు బయటికి జరగండి. అదే ఆ చోటు. మోకాళ్ళ నొప్పికి, కడుపు బాధలకు వాడతారు. దీని చైనా పేరు జు సాన్ లీ. కాలి మూడు లీలు అని అర్థం. లీ అంటే వాళ్ళ దూరం కొలత, మన కోసు లాంటిది. అలసినవారు ఇక్కడ నొక్కుకుంటే ఇంకా మూడు లీల దూరం నడుస్తారని చైనాలో చెప్పుకుంటారు.

రెండు: మోకాలి వెనుక. కాలు మడిస్తే వెనుక ఒక గీత పడుతుంది. ఆ గీత నడిమధ్యన ఉంటుంది. నడుం నొప్పికి వాడతారు. చూడండి, నొప్పి నడుంలో ఉంటే సూది మోకాలి వెనుక! నొప్పి ఉన్న చోటు ఒకటి, దూరపు చోటు ఒకటి కలిపి ఎంచుకోవడం ఈ వైద్యంలో పద్ధతి.

మూడు: మణికట్టు లోపలి పక్క. మణికట్టు గీత నుంచి మూడు వేళ్ళ వెడల్పు మోచేతి వైపు పోవాలి. అక్కడ రెండు నరాల వంటి తాళ్ళు తగులుతాయి. వాటి నడుమ ఈ చోటు ఉంటుంది. వికారానికి, వాంతులకు వాడతారు.

నాలుగు: బొటనవేలికి, చూపుడు వేలికి నడుమ. రెండు వేళ్ళూ దగ్గరికి నొక్కితే చేతి వెనుక కండ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీద ఉంటుంది. తలనొప్పికి, పంటి నొప్పికి వాడతారు. గర్భిణులకు ఈ చోట సూది గుచ్చరు. వారు నొక్కుకోకుండా ఉండటమే మంచిది.

ఈ చోట్లను సూది లేకుండా బొటనవేలితో నొక్కవచ్చు. రెండు మూడు నిమిషాలు గట్టిగా నొక్కి వదలాలి. బస్సులో వికారం పుడితే మణికట్టు దగ్గర నొక్కి చూడండి. కొందరికి తగ్గుతుంది. పుండు ఉన్న చోట, వాపు ఉన్న చోట నొక్కవద్దు.

సూది మాత్రం సొంతంగా గుచ్చుకోవద్దు. మోకాలి వెనుక పెద్ద రక్తనాళం, పెద్ద నరం రెండూ ఉన్నాయి. ఎంత లోతు గుచ్చాలో నేర్చినవారికే తెలుస్తుంది.

నేర్చినవారు ఎట్లా గుచ్చుతారు?

మొదట చేతులు సబ్బుతో కడుక్కుంటారు. రోగిని పడుకోబెడతారు. చోటును స్పిరిట్ దూదితో తుడుస్తారు. కవరు అప్పుడే చింపి కొత్త సూది తీస్తారు.

కండ మందంగా ఉన్న పిక్క వంటి చోట సూదిని నిలువుగా గుచ్చుతారు. కండ పలచగా ఉన్న చోట ఏటవాలుగా గుచ్చుతారు. తల మీద చర్మం కింద ఎముకే ఉంటుంది. అక్కడ ఇంచుమించు పడుకోబెట్టినట్టు గుచ్చుతారు. తర్వాత సూదిని వేళ్ళ నడుమ మెల్లగా తిప్పుతారు. అక్కడ బరువుగా, తిమ్మిరిగా, గుంజినట్టు అనిపిస్తుంది. సూది సరిగా తగిలిందనడానికి అది గుర్తు అంటారు. చురుక్కుమని మంట పుట్టినా, కరెంటు షాకులా కొట్టినా వెంటనే చెప్పాలి.

సూదులను 20 నుంచి 30 నిమిషాలు ఉంచి తీస్తారు. వారానికి ఒకటి రెండుసార్ల చొప్పున కొన్ని వారాలు చేస్తారు. ఒక్క సూదితో ఏండ్ల నాటి నొప్పి పోతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఇది నిజంగా పనిచేస్తుందా?

జర్మనీ దేశంలో పెద్ద పరీక్ష చేశారు. 2007లో ఫలితం బయటపెట్టారు. పాత నడుం నొప్పి ఉన్న 1162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు సరైన చోట్లలో సూదులు గుచ్చారు. రెండో గుంపుకు లెక్కలో లేని చోట్లలో పైపైన గుచ్చారు. మూడో గుంపుకు మందులు, వ్యాయామం వంటి మామూలు వైద్యం చేశారు.

ఆరు నెలల తర్వాత చూశారు. సరైన చోట గుచ్చినవారిలో నూటికి దాదాపు 48 మందికి నయంగా ఉంది. వేరే చోట గుచ్చినవారిలో నూటికి 44 మందికి నయంగా ఉంది. మామూలు వైద్యం అందినవారిలో నూటికి 27 మందికే నయంగా ఉంది.

దీని అర్థం ఏమిటి? సూది వల్ల చాలామందికి ఉపశమనం దొరికింది. కానీ సరైన చోటుకు, వేరే చోటుకు తేడా చాలా తక్కువ. సగం మందికి పైగా సూదితో కూడా నయం కాలేదు. పాత నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, మాటిమాటికీ వచ్చే తలనొప్పి, వాంతులు - వీటికి ఈ వైద్యం కొంత సాయం చేస్తుంది. షుగరు, బి.పి., క్షయ, కామెర్లు, క్యాన్సర్ జబ్బులను అది నయం చేయదు. ఆ మందులు మానిపించి సూదులు గుచ్చుతామంటే ఒప్పుకోవద్దు.

సూది తెచ్చే ప్రమాదాలు

ఒకరికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చితే రక్తంలోని రోగం అంటుకుంటుంది. ఎయిడ్స్‌ను తెచ్చే హెచ్.ఐ.వి., కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ బి, సి అట్లా అంటుకుంటాయి. సూదిని గుడ్డతో తుడిస్తే ఆ క్రిములు పోవు. ఇంజెక్షన్ సూదికైనా, ఆక్యుపంక్చర్ సూదికైనా ఇదే మాట. కవరు మీ కళ్ళ ముందు చింపమని అడగండి. అడగడం తప్పు కాదు. అది మీ హక్కు.

భుజం మీద, ఛాతీ మీద, వీపు పైభాగంలో సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి తగలవచ్చు. అప్పుడు ఆయాసం వస్తుంది. వెంటనే దవాఖానకు పోవాలి. నేతపని వారికి భుజం నొప్పి ఎక్కువ. వారు ఈ మాట బాగా గుర్తుంచుకోవాలి.

గర్భిణులు, రక్తం పలచన చేసే మందులు వాడేవారు, గాయమైతే రక్తం తొందరగా ఆగనివారు ముందే చెప్పాలి. షుగరు ఉండి అరికాళ్ళు మొద్దుబారినవారు కూడా చెప్పాలి. ఖాళీ కడుపుతో పోకూడదు. కళ్ళు తిరిగితే చెప్పండి, సూదులు తీసి పడుకోబెడతారు.

సూదికి పోకూడని నొప్పులు

నొప్పి ఒక కబురు. ఏం కబురో తెలియకుండా దాన్ని అణిచితే లోపలి జబ్బు ముదురుతుంది. ఈ గుర్తులు కనపడితే ఏ సూదికీ పోవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఛాతీ నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం. ఇది గుండెపోటు కావచ్చు.

మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం. ఇది పక్షవాతం. రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, నాలుగున్నర గంటల లోపల గడ్డ కరిగించే మందు ఇచ్చే వీలుంది. ఆ గంటలు పోతే మళ్ళీ రావు.

నడుం నొప్పితో పాటు కాళ్ళు మొద్దుబారడం, ఒంటేలు ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం.

తలనొప్పితో పాటు జ్వరం, మెడ బిగుసుకుపోవడం.

గర్భిణికి కడుపు నొప్పి, రక్తం పోవడం.

పాము కాటు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో జిల్లా కేంద్రాలయ్యాయి. మూడు చోట్లా సర్కారు పెద్ద దవాఖానలు ఉన్నాయి. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు కూడా మొదలయ్యాయి. వెనుకటిలాగా ప్రతిదానికీ కర్నూలుకో హైదరాబాదుకో పరుగెత్తే పని లేదు.

ఎవరి దగ్గరికి పోవాలి?

మొదట డాక్టరుకు చూపించుకోండి. నొప్పి దేని వల్లనో తెలుసుకోండి. ఆ తర్వాత ఆక్యుపంక్చర్ కావాలంటే చదువుకున్నవారి దగ్గరికి పోండి. 2003లో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని ఒక చికిత్స పద్ధతిగా ఒప్పుకుంది. తగిన శిక్షణ పొందినవారే చేయాలని చెప్పింది. ప్రకృతి వైద్య డాక్టర్ల చదువులో ఇది కూడా ఒక పాఠం. "ఎక్కడ చదివారు? ఎన్ని రోజులు నేర్చారు?" అని అడగండి. గోడకు తగిలించిన సర్టిఫికెట్ చదవండి. చదవడం నేర్చుకున్నది ఇందుకే కదా!

గుర్తుంచుకోండి

1. నొప్పి ఏమిటో తెలిశాకే సూది.
2. ప్రతిసారీ కొత్త సూది.
3. నొక్కుకోవడం మన చేత, గుచ్చడం నేర్చినవారి చేత.
4. వాడుతున్న మందులు డాక్టరు చెప్పకుండా మానవద్దు.
5. పని నడుమ గంటకు ఒకసారి లేచి నడుం చాపండి.

చర్చించండి

1. మీ ఊళ్ళో నొప్పి వస్తే ముందు ఎవరి దగ్గరికి పోతారు? ఎందుకు?
2. మీకు వేసిన ఇంజెక్షన్ పేరు ఎప్పుడైనా అడిగారా? ఈసారి అడిగి, పేరు కాగితం మీద రాయించుకుని చదవండి.
3. మీ బొటనవేలి కణుపు ఎంత వెడల్పు? మీ బెత్తెడు దానికి ఎన్ని రెట్లు? కొలిచి రాయండి.