అభ్రకము: చీల్చిన పొరలు, అతికిన పలకలు

పాత ఇస్త్రీపెట్టెను విప్పి చూచినవారికి, తీగ చుట్టిన మెరుపురేకు ఒకటి కనిపించియుండును. అదే అభ్రకము. దీనిని కాకిబంగారమనియు అందురు. సంస్కృతమున 'అభ్రము' అనగా మేఘము. ఫారసీలో 'అబ్ర్' అన్నను మేఘమే. ఈ రెండును తోబుట్టువులైన పదములు. ఉర్దూలోని 'అబ్రక్' మాత్రము సంస్కృతమునుండి వచ్చినది. రెండు భాషలు చదువుకొను మన విద్యార్థులు ఈ చుట్టరికమును గమనింపవలెనని మా కోరిక.

ఇతర శిలలను కొట్టినచో ముక్కలగును. అభ్రకము పుస్తకమువలె పుటలు పుటలుగా విడును. గనిలో దొరకిన దిమ్మెను 'బుక్కు' అని పిలుచుట అందుచేతనే. కారణము దాని నిర్మాణములో కలదు. రెండు సిలికా పొరల నడుమ ఒక అల్యూమినియం పొర ఇమిడి, మూడును గట్టిగా పెనవేసుకొని ఒక కట్టగా నుండును. కట్టకును కట్టకును నడుమ పొటాషియం అయాన్లు మాత్రమే నిలుచును. ఆ బంధము బలహీనము. కత్తిమొన అక్కడ చొరబడిన చాలును. ఒక్కొక్క కట్ట మందము సుమారు ఒక నానోమీటరు, అనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. చేతితో చీల్చిన రేకు 0.03 మిల్లీమీటర్లున్నచో, అందులో ఇట్టి కట్టలు దాదాపు 30,000 ఇంకను మిగిలియే యుండును!

గూడూరు, సైదాపురం ప్రాంతపు గనులలోని అభ్రకము ఆకుపచ్చని ఛాయ గలది, కోడెర్మాది కెంపువన్నె. దిమ్మెల అంచును చిన్నకత్తితో విప్పి రేకులు తీయుటలో చేయి తిరిగినవారు ఎక్కువగా స్త్రీలు. ఏ రెండు దిమ్మెలును ఒక్కరీతిగా నుండవు గనుక యంత్రమునకు ఈ పని సులువుగా లొంగలేదు.

అభ్రకము విద్యుత్తును సాగనీయదు, వేడికి త్వరగా చెడదు. అయితే మచ్చలేని పెద్దరేకులు అరుదు. అందుచేత చిన్న రేకులను ఇంటిపెంకులవలె ఒకదాని అంచుపై మఱియొకటి పేర్చి, లక్కద్రవము పూసి, వేడిచేసి అదిమి పలకలు చేసిరి. ఇదియే మైకానైట్. విడదీసినదానిని మరల అతుకుట వృథాశ్రమగా తోచవచ్చును. కాని ఒక రేకులోని బొత్తమును పైరేకు కప్పివేయును. పలక కావలసినంత పెద్దదగును. తరువాత వచ్చిన అభ్రకపు కాగితము ఇంకను వింతైనది. తుక్కును నీటిలో సన్నని పొలుసులుగా విడగొట్టి కాగితమువలె పరచినచో, జిగురు లేకయే అవి ఒకదానినొకటి పట్టుకొనును.

ఈ రేకుల వెనుకనున్న చేతుల సంగతియు చెప్పవలెను. గని కార్మికుల సంక్షేమనిధికై 1946లో ప్రత్యేక చట్టము వచ్చినది. ఎగుమతిపై విధించిన పన్నే దానికి ఆధారము. అయినను చట్టము చేరని చోట్లు మిగిలినవి. జార్ఖండ్, బీహారులలో అనుమతిలేని గోతులలో బాలలు తుక్కు ఏరుచు మరణించుచున్న సంగతి 2016లో పాత్రికేయుల పరిశోధనవలన వెల్లడియైనది. మోటారుకారుల రంగులకును, పెదవుల లేపనములకును తళుకు నిచ్చెడి పొడిని అట్టి తుక్కునుండియే నూరుదురు.