సందులో చిక్కిన కాంతి

వేరుశనగే ఆధారమైన అనంతపురం జిల్లా కుందుర్పి లాంటి చోట, విత్తన శుద్ధికి వాడే థైరమ్ తిండిగింజల్లో కలిసిందేమో అక్కడికక్కడే తేల్చే పరికరం రాదా అని అడగడం సహజం. దారి ఉంది. అణువు మీద పడ్డ కాంతిలో అతి కొద్ది భాగం రంగు మార్చుకుని వస్తుందని, ఆ మార్పే అణువు ఆనవాలని సి.వి.రామన్ 1928లో చూపాడు. చిక్కల్లా, ఆ భాగం సుమారు కోటి ఫోటాన్లకు ఒకటి మాత్రమే. వెండి, బంగారు నానో కణాలు దాన్ని లక్షల రెట్లు పెంచుతాయి. ఎంత పెంచుతాయో కంప్యూటర్లో లెక్కగట్టి రంగుల పటాలు గీస్తారు. ఆ పటంలోని అతి పెద్ద అంకెనే అందరూ చాటుతారు. అన్నిటికన్నా తక్కువ నమ్మవలసింది ఆ అంకెనే.

కాంతి అంటే ఊగే విద్యుత్ క్షేత్రం. అది తగలగానే లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు మూకుమ్మడిగా అటూ ఇటూ ఊగుతాయి. కణం ఆకారానికీ కాంతి తరంగదైర్ఘ్యానికీ పొత్తు కుదిరితే ఆ ఊపు తారస్థాయికి చేరుతుంది. రెండు కణాల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల సందే ఉంటే, ఒకదాని అంచున ధనావేశం, ఎదుటిదాని అంచున రుణావేశం ముఖాముఖి నిలిచి, క్షేత్రాన్ని ఆ సందులోకి కుదిస్తాయి. అక్కడ చిక్కిన అణువుకు లాభం రెండుసార్లు. లోపలికొచ్చే కాంతి బలపడుతుంది. అణువు వెదజల్లే కాంతిని కూడా అదే లోహం యాంటెన్నాలా పెంచి పంపుతుంది. అందుకే క్షేత్రం పది రెట్లయితే సంకేతం సుమారు పదివేల రెట్లు, నూరు రెట్లయితే పది కోట్ల రెట్లు. ఎంత అద్భుతమో అంత ప్రమాదం కూడా: క్షేత్రం లెక్క రెండింతలు తప్పితే ఫలితం 16 రెట్లు తప్పుతుంది.

ఈ పెంపును మొదట తక్కువగా అంచనా వేశారు. 1974లో సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్ బృందం గరుకు వెండి మీద పిరిడిన్ సంకేతం చూసి, ఉపరితలం పెరిగి ఎక్కువ అణువులు పట్టాయనుకుంది. 1977లో జీన్‌మేర్, వాన్ డైన్ ఒకవైపు, ఆల్‌బ్రెక్ట్, క్రైటన్ మరోవైపు అది చాలదని, పెంపు లక్ష రెట్లకు పైనేనని తేల్చారు. 1997లో పొరపాటు ఎదుటి దిక్కుకు పోయింది: ఒకే ఒక్క అణువు సంకేతం పట్టామంటూ, పెంపు ఒకటి పక్కన 14 సున్నాలన్నారు. ఒక్క అణువును చూశారన్నది నిజం, అంకె అతిశయం. కాంతిని బాగా పీల్చే రంగు అణువులకు పది కోట్ల రెట్లే చాలునని 2007లో ల రూ బృందం చూపింది.

కంప్యూటర్ లెక్కలోనూ ఇదే అతిశయం దూరుతుంది. 1966లో కేన్ యీ ఇచ్చిన పద్ధతిలో స్థలాన్ని చిన్న గడులుగా కోసి, విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను ఒకదాని వెంట ఒకటి కాలంలో ముందుకు నడిపిస్తారు. గుండ్రని కణం ఆ గడుల్లో మెట్లుమెట్లుగా మారుతుంది. నిజానికి లేని ఆ మెట్ల మూలల్లో క్షేత్రం ఎగసిపడుతుంది. గడిని సగం, మళ్లీ సగం చేస్తూ పోతే సందు నడుమ విలువ కుదురుకుంటుంది; మూల దగ్గరిది పెరుగుతూనే ఉంటుంది. సందు అర నానోమీటరు లోపుకు తగ్గితే ఎలక్ట్రాన్లే అవతలికి దాటి క్షేత్రాన్ని కుంగదీస్తాయి. మామూలు లెక్కకు ఆ సంగతే తెలియదు.

అలాంటప్పుడు ప్రయోగమే చాలదా అనవచ్చు. చాలదు. ప్రయోగం వేల సందుల సగటు చెబుతుంది. ఏ ఆకారానికి ఏ లేజరు రంగు నప్పుతుందో విడదీసి చెప్పేది లెక్కే. ఒకే కొలత గడులతో పోల్చితే ఏది మెరుగో చాలావరకు సరిగ్గానే తేలుతుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సోమ వేణుగోపాల్ రావు బృందం బంగారు నానో నక్షత్రాలను వడపోత కాగితానికి పట్టించి, మోసుకెళ్లగల రామన్ పరికరంతో నానోగ్రాముల పిక్రిక్ ఆమ్లమనే పేలుడు పదార్థాన్ని పసిగట్టింది. మొనలున్న ఆకారాలే ఎందుకో లెక్క ముందే చెప్పగలదు.

థైరమ్‌కు ఈ పద్ధతి బాగా పనికొస్తుంది: దానిలోని గంధకం లోహాన్ని పట్టుకుని అణువును సందు దగ్గరికి చేరుస్తుంది. అనంతపురం బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌కు మాత్రం నేరుగా పనికిరాదు. ఆ అయాన్ ఒంటరి పరమాణువు, కంపించి కాంతి రంగు మార్చడానికి దానిలో బంధమే లేదు. లోహం ఎన్ని కోట్ల రెట్లు పెంచినా సున్నా సున్నాయే. ఫ్లోరైడ్ కొలవాలంటే అయాన్ ఎలక్ట్రోడ్ లాంటి వేరే సాధనం కావాలి.