ఇంటర్నెట్టు కాలువయు, దిగువ రైతును

కాలువకు తూములు పెట్టునపుడు నీటి లెక్కను మాత్రమే చూచి, ఎగువ రైతు ఆశను, దిగువ రైతు అవసరమును లెక్కింపకున్నచో, చివరి పొలమునకు నీరందదని మన సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటర్నెట్టు విషయమును ఇట్టిదే. నేడు ధరవరలు, వాతావరణ వార్తలు, బ్యాంకు లావాదేవీలు దాని మూలముననే మనకు చేరుచున్నవి గావున, దాని నిర్మాణమును గూర్చి కొంత వివరింపదలచితిమి.

ఇంటర్నెట్టునందు సమాచారము చిన్న చిన్న పొట్లములుగా విడివడి, పెక్కుమంది వాడు దారుల వెంట పోవును. 1986లో అమెరికాయందలి కాలిఫోర్నియాలో రెండు విద్యాస్థానముల నడుమ ఈ దారి క్రిక్కిరిసి, సెకనుకు 32,000 బిట్లుగానున్న వేగము 40 బిట్లకు పడిపోయెను. పొట్లము చేరలేదని యంత్రములు మరల మరల పంపుటయే ఇందుకు ముఖ్య కారణము. పొట్లము తప్పిపోయినచో పంపువాడే తన వేగమును తగ్గించుకొనవలెనను పద్ధతిని వాన్ జేకబ్సన్ అను శాస్త్రజ్ఞుడు 1988లో వివరించెను.

అయితే ఈ పద్ధతి పంపువాని మర్యాదపై ఆధారపడినది. ఒకడు ఒక సంబంధమునకు మారు పది సంబంధములు తెరచినచో, దొంగతూము పెట్టినవానివలె అధిక వాటా పొందగలడు. పండితులు మాత్రమే వాడుకొన్న దినములలో ఇది అంతగా బాధింపలేదు. వర్తకము ప్రవేశించిన పిదప లాభాపేక్ష తోడయ్యెను. వాడుకొనువారు, కంపెనీలు, ప్రభుత్వములు వేరువేరు ప్రయోజనములు గలవారనియు, నిర్మాతలు ఆ పెనుగులాటను ముందే యెరిగి, ఫలితమును ఒక పక్షమునకు కట్టివేయక, ఎంచుకొనుటకు వీలుంచవలెననియు 2002లో డేవిడ్ క్లార్కు మొదలగు నలుగురు శాస్త్రజ్ఞులు వ్రాసిరి.

మన దేశమునను ఈ పెనుగులాట జరిగినది. కొన్ని సైట్లను ఉచితముగ చూపి, తక్కినవానికి రుసుము గొనుటకు కొన్ని కంపెనీలు తలపెట్టినవి. పేదలకిది మేలేయని కొందరనిరి. కాని ఉచితపు జాబితాను వ్రాయువాని చేతనే తూము తాళము ఉండునుగదా! ఒక సమాచారమునకొక ధర, వేరొకదానికి వేరొక ధర విధింపరాదని టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిబంధన చేసెను.

కావున సంఘముగాని మార్కెట్టుగాని క్రొత్త యాపును తెచ్చునపుడు సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు మూడు గలవు. మన లెక్కలు ఎవరి వశమున నుండును? ధరలను అందరును సమముగ చూడగలరా? ఇష్టము లేనిచో మన లెక్కలతో వేరొక చోటికి పోగలమా? వీనిని సొమ్ము చెల్లించిన పిదపగాక, అంతకుమునుపే మహాసభలో అడుగవలయును. కట్టిన తూమును మార్చుట ఎంత కష్టమో రైతు ఎరుగనిది గాదు.