హరిత శైవలముల విలంబకాంతి

ధర్మపురి జిల్లా హరూరు తాలూకాలోని తీర్థమలై కొండమీద తీర్థగిరీశ్వరుని ఆలయమును, రాతినుండి జాలువారు రామతీర్థము మొదలగు తీర్థములును కలవు. ఎచ్చటనైనను తడిరాతిపై వెలుతురు సోకిన తావున పచ్చని పాచి పట్టుట మన మెరిగినదే. కోనేటి నీరు పచ్చబారుటయు అట్టిదే. ఆ పచ్చదనములో బ్రదికియున్న దెంత, చచ్చిన దెంత యను ప్రశ్నకు కంటిచూపు సమాధాన మీయజాలదు. ఆ నీటిని వాడుకొను ఊరివారికి ఇది చిన్న ప్రశ్న గాదు. దీనికి ఒక ఉపాయము శైవలములలోనే కలదు. అవి వెలుతురును గ్రహించి, చీకటిలో నుంచిన పిమ్మట అందులో రవంతను తిరిగి వెలువరించును. దీనిని విలంబకాంతి యందును. కొందరు విలంబ ప్రతిదీప్తి యనియు వ్యవహరింతురు.

దీనిని కనుగొనుట యాదృచ్ఛికముగా జరిగినది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో స్ట్రెహ్లర్, ఆర్నాల్డ్ అను శాస్త్రజ్ఞులు, కిరణజన్య సంయోగక్రియలో ఎ.టి.పి. యను శక్తిద్రవ్యము పుట్టునా యని పరీక్షింపదలచిరి. మిణుగురు పురుగుల సారము ఎ.టి.పి. తగిలిన వెలుగును గనుక, దానిని హరితరేణువులతో కలిపి, కాంతి సోకించి, చీకటిలో కొలిచిరి. వెలుగు కనబడినది. కాని మిణుగురు సారము కలుపకున్నను వెలుగు కనబడినది! క్లోరెల్లా యను ఏకకణ హరిత శైవలము సైతము అట్లే వెలిగినది. వారు 1951లో ఈ సంగతిని ప్రకటించిరి. సరిచూచుకొనుటకై సారము లేని పాత్రను గూడ కొలువకుండిరేని, ఈ వెలుగు మిణుగురుల ఖాతాలోనే జమపడి యుండెడిది.

ఈ వెలుగు ఎఱ్ఱనిది; పత్రహరితమునుండియే వచ్చునది. రాత్రి కోనేటిగట్టున ఎంతసేపు కూర్చుండినను మన కన్నులకు ఆనదు; ఫోటోమల్టిప్లయర్ నాళికయే దానిని పట్టగలదు. సాధారణ ప్రతిదీప్తి కాంతి ఆగిన కొన్ని నానోసెకండ్లలో ముగియును. విలంబకాంతి యన్ననో క్రమముగా క్షీణించుచు నిమిషములవరకు నిలుచును.

ఇంత ఆలస్యమున కేమి కారణము? శైవలములోని రెండవ కాంతివ్యవస్థయందు కాంతి తగిలినప్పుడు పత్రహరితమునుండి ఒక ఎలక్ట్రాను వెడలి క్వినోను అణువును చేరును. వెనుక మిగిలిన ధనావేశము, నీటిని విడగొట్టు మాంగనీసు సమూహమునకు పోవును. శక్తి ఈ ఎడబాటులోనే నిలువయై యుండును. సామాన్యముగా ఎలక్ట్రాను ముందునకే సాగిపోవును. ఎప్పుడో ఒకటి వెనుకకు మరలి ధనావేశమును కలిసికొన్నచో పత్రహరితము మరల ఉద్రిక్తమై కాంతిని వెలువరించును. కూడబెట్టిన ధనములో చిల్లర జారిపడుట వంటి దిది. డయూరాను అను కలుపుమందు మొదటి క్వినోనునుండి రెండవదానికి పోవు దారిని మూసివేయును; అప్పుడు దీర్ఘకాలము సాగవలసిన వెలుగు కొద్ది సెకండ్లలోనే ఆరిపోవును. నీటిలో ఇట్టి విషములను పసిగట్టుటకు ఈ లక్షణము అక్కరకు వచ్చును. సెనెడెస్మస్ అను హరిత శైవలముయొక్క వికృతజాతులపై 1967లో ప్రకటింపబడిన పరిశోధనలు, ఈ కాంతికి మూలము ఆక్సిజను వెలువరించు వ్యవస్థయే యని చూపినవి.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. చచ్చిన కణములలో పత్రహరితము కొంతకాలము చెడక యుండి, నీలికాంతి సోకగానే ప్రతిదీప్తి నిచ్చును; కావున ప్రతిదీప్తినిబట్టి లెక్కించినచో శవములు గూడ సజీవుల పట్టికలో చేరును. విలంబకాంతికి మాత్రము ఆవేశములను ఎడబాపగల యంత్రాంగము చెడక యుండవలెను. ఈ భేదము నాధారముగా గొని జర్మనీలో క్రౌజే, గెర్హార్ట్ అనువారు సరస్సులందలి, సముద్రములందలి శైవలములను కొలుచు పద్ధతిని 1984లో వివరించిరి. ఏ రంగుకాంతి సోకించిన విలంబకాంతి హెచ్చుగా వచ్చునో చూచి, హరిత శైవలములను నీలి-హరిత జాతులనుండి వేరుపరుపను వచ్చును. రెండవవానిలో కొన్ని విషములను పుట్టించును గనుక నా దృష్టిలో ఈ ఉపయోగమే ముఖ్యము.

అయితే ఉష్ణోగ్రత మారిన ఈ కాంతియు మారును. బురదనీరు దానిని కొంత మ్రింగును. అందువలన రెండు కోనేళ్లను పోల్చువారు రెండింటి నీటిని ఒకే వెచ్చదనమున నుంచి, ఒకే వెలుతురు చూపి, చీకటిలో ఒకే వ్యవధి గడచిన పిమ్మట కొలువవలెను.