ఢిల్లీ యూనివర్సిటీ సీటు: స్కోరు కంటే ముందు కేటగిరీ చూసుకోండి

ఢిల్లీ యూనివర్సిటీలో 2022 నుంచి రెగ్యులర్ డిగ్రీ సీట్లు ప్రధానంగా సీయూఈటీ స్కోరుతో ఇస్తున్నారు. ఇంటర్‌లో 95 శాతం వచ్చినా సాధారణంగా దాంతో సీటు రాదు.

మనవాళ్ల లెక్క తప్పేది కేటగిరీ దగ్గర. తెలుగు రాష్ట్రాల్లో ఉన్న బీసీ-ఈ 4 శాతం కోటా సెంట్రల్ యూనివర్సిటీలకు వర్తించదు. అక్కడి 27 శాతం ఓబీసీ కోటా కావాలంటే కులం పేరు కేంద్ర జాబితాలో ఉండాలి. దూదేకుల అందులో ఉంది. జాబితాలో లేనివాళ్లు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, ఆస్తి నిబంధనలు చూసుకుని 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటాకు ప్రయత్నించవచ్చు. ఏదీ కుదరకపోతే జనరల్‌లోనే పోటీ.

కేటగిరీ తేలాక స్కోరును నిరుటి చివరి రౌండు కటాఫ్‌తో పోల్చాలి. అదే కాలేజీ, అదే కోర్సు, అదే కేటగిరీ చూడాలి. దగ్గర్లో ఉంటే ఆశ ఉన్నట్టే. అయినా తక్కువ కటాఫ్ ఉన్న కాలేజీలను కూడా ఆప్షన్లలో పెట్టడం మంచిది.