అయస్కాంతం సాక్ష్యం

అమ్మాయి పెళ్ళికి కొన్న స్టీలు గిన్నె అంచుకి అయస్కాంతం అంటుకుంది. “మోసం!” అంటూ మా కుందలహళ్ళి కొట్టాయన మీద నలుగురిలో కేకలేశాను.

పక్కింటి రిటైర్డు ఇంజినీరుగారు విని నవ్వారు. “నూటికి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ ఉన్న 304 రకం ఆస్టెనైటిక్ స్టీలు మామూలుగా అయస్కాంతానికి అంటుకోదండీ. కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడదు; చల్లగా ఉండగా సాగదీసి వంచితేనే గట్టిపడుతుంది. అప్పుడే అంచుల్లో కొంత మార్టెన్‌సైట్‌గా మారి అయస్కాంతాన్ని లాగుతుంది. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 200 రకాలూ మామూలుగా అంటుకోవు. కనుక అంటుకోవడమూ, అంటుకోకపోవడమూ రుజువు కావు. బిల్లు మీద రకం రాయించుకోండి.”

సంతకం సరిచూడకుండానే చెక్కు తిప్పి పంపినట్టయింది నా పని. మర్నాడు నలుగురి ముందే కొట్టాయనకి క్షమాపణ చెప్పుకున్నాను.