మీకు తెలుసా? నిద్రలోనే వేలు చాపే పిల్లలు

రాత్రి రెండు గంటలు. చుట్టూ చెట్లు, చెక్క గది, వరసగా మంచాలు. టార్చిలైటు పట్టుకుని నర్సు వస్తుంది. మంచం మీది పిల్ల కళ్లు తెరవదు. అలికిడికి దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి వేలు చాపుతుంది, అంతే. సూది గుచ్చి, నెత్తుటి చుక్క తీసి, మీటరులో అంకె చూసుకుని నర్సు పక్క మంచానికి వెళ్తుంది. షుగరున్న పిల్లల కోసం అమెరికాలో నడిచే వేసవి శిబిరాల్లో ఏళ్ల తరబడి ఇది మామూలు రాత్రి. ఒంటికి అంటించుకునే సెన్సర్లు వచ్చాక ఈ గుచ్చుడు తగ్గింది.

మనకి షుగరంటే పెద్దవాళ్ల జబ్బు. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది వేరు, టైప్ 1. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. ఇది మిఠాయిలు తిన్నందుకు రాదు, తల్లి పెంపకం వల్లా రాదు. ఈ మాట ఎన్నిసార్లయినా చెప్పాలి.

ఇన్సులిన్ దొరకని రోజుల్లో ఈ పిల్లలు బతికేవారు కాదు. 1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ తర్వాత మూడేళ్లకే, 1925లో, మిషిగన్‌లో డాక్టర్ లియొనార్డ్ వెంట్ తొలి శిబిరం తెరిచారు. నిన్నమొన్నటిదాకా ఆశ వదులుకున్న పిల్లలను ఆటలకు పిలిచారు! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1932లో మాసాచుసెట్స్ రాష్ట్రం నార్త్ ఆక్స్‌ఫర్డ్‌లో, అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపించిన క్లారా బార్టన్ పుట్టింటి దగ్గర, ఆడపిల్లల శిబిరం మొదలైంది. మగపిల్లలకు 1948లో అదే రాష్ట్రంలో షుగరు వైద్యుడు డాక్టర్ జాస్లిన్ పేరుతో మరొకటి వచ్చింది.

అప్పట్లో మీటర్లు లేవు. మూత్రం చుక్కలు బెనెడిక్ట్ ద్రావణంలో వేసి వేడిచేసేవారు. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు తేలితే బాగా ఉన్నట్టు. మన పిల్లలు ఇంటర్ ల్యాబులో చేసే పరీక్షే. అక్కడి పిల్లలు ఆ రంగును చూసుకుని తమ రోజు ఎలా ఉందో తెలుసుకునేవారు.

శిబిరంలో పెద్ద గండం షుగరు పెరగడం కన్నా పడిపోవడం. రోజంతా ఈత, పరుగు, కొండలెక్కడం. కండరాలు రక్తంలోని గ్లూకోజును లాగేసుకుంటాయి, ఆట ఆగాక కూడా గంటల తరబడి లాగుతూనే ఉంటాయి. అందుకే చాలామందికి రాగానే ఇన్సులిన్ మోతాదు తగ్గిస్తారు, అందుకే ఆ అర్ధరాత్రి టార్చిలైటు. అంకె 70 కన్నా దిగితే 15 గ్రాముల చక్కెర అందేలా పండ్లరసమో గ్లూకోజ్ బిళ్లలో ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూస్తారు.

ఇంత జాగ్రత్త ఆసుపత్రిలోనూ దొరుకుతుంది. దొరకనిది తోడు. బడిలో బాత్‌రూములో దాక్కుని సూది వేసుకునే పిల్ల, ఇక్కడ భోజనానికి ముందు బల్ల చుట్టూ అందరూ ఒకేసారి చొక్కా అంచులు ఎత్తడం చూస్తుంది. వాళ్లను చూసుకునే అన్నలు, అక్కల్లో చాలామంది ఒకప్పుడు ఇలాంటి శిబిరానికి వచ్చిన పిల్లలే. వాళ్లూ పొట్టకు సూది వేసుకుని, కంచం పట్టుకుని వరసలో నిలబడతారు. అంతవరకూ అమ్మ చేతే వేయించుకున్న పిల్లలు ఎందరో, ఆ బల్ల దగ్గరే మొదటిసారి తమ చేత్తో వేసుకుంటారు.